శాంతిశ్రీ కొప్పు

మా వంటింట్లో బల్ల మీద తొమ్మిది విగ్గులున్నాయి. హాలోవీన్ అయిన మర్నాడు సగం ధరకి తెచ్చాను. న్యూజెర్సీలో మా వీధి తెలుగు పిల్లలు సంక్రాంతికి వేయబోయే నాటిక కోసం. కథ నాగార్జునకొండది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో మహాచైత్యం కట్టించిన శాంతిశ్రీ కథ. ఆమె రాజు శాంతమూలుడి తోబుట్టువు. మేనల్లుడు వీరపురుషదత్తుడి ఏలుబడిలో ఆ పని పూర్తి చేయించింది.

నేను మిర్యాలగూడలో పుట్టాను. ఆరో తరగతిలో నాగార్జునసాగర్‌కి తీసుకెళ్లి, లాంచీ ఎక్కించి, కొండ మీద మ్యూజియం చూపించారు. డ్యాం కడితే లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వి తీసిన శిల్పాలవి. అందరూ బుద్ధుణ్ణి చూస్తుంటే నేను పక్కనున్న ఆడవాళ్ల తలలు చూశాను. నున్నగా వెనక్కి దువ్విన జుట్టు, పాపిట్లో నగ, వెనక ముడి. మగవాళ్లకి పెద్ద పెద్ద తలపాగాలు. ఇన్నేళ్లకి ఆ తలలే నాకు పనికొచ్చాయి.

చవక విగ్గు తప్పంతా నుదుటి దగ్గరే బయటపడుతుంది. గుడ్డ అంచు కనబడుతుంది, పాపిడి తెల్లటి గీతలా మెరుస్తుంది. శిల్పంలో నగ ఉన్న చోటు సరిగ్గా అదే. పాపిడి గొలుసు, బిళ్ల పెట్టామంటే అంచు కప్పుకుపోతుంది. గీత మీద పిల్ల ఒంటి రంగు పౌడరు అద్దితే చాలు. మగపిల్లలకి మెడ మీద పడే జుట్టు మాత్రం విగ్గుది, మిగతాదంతా తలపాగా. అందుకే కొనేటప్పుడు ముందు భాగం చూడలేదు. వెనక ఎంత ఒత్తుగా ఉందో, లోపల బిగించుకునే కొక్కేలు ఉన్నాయో లేదో చూశాను.

రంగు విషయంలో మాత్రం పట్టుబట్టాను. పెట్టె మీద 1 అని ఉంటే కాటుక నలుపు. లైట్ల కింద అది ప్లాస్టిక్ బొమ్మ జుట్టే. 1బి అన్నది కాస్త మెత్తబడిన నలుపు, మన పిల్లల జుట్టుకి దగ్గర.

ఇంత చవకవి ఎందుకు, అసలు జుట్టువే కొనొచ్చుగా అంది ఒక స్నేహితురాలు. వాటి ధర వందల డాలర్లు. అంతకుమించి నాకో పట్టింపుంది. తిరుమలలో భక్తులిచ్చిన తలనీలాలు వేలానికి వెళ్లి, విగ్గులై ప్రపంచమంతా తిరుగుతాయి. 2004లో యూదు మతగురువులు గుడిలో ఇచ్చిన జుట్టుతో చేసిన విగ్గులు తమవాళ్లు పెట్టుకోకూడదన్నప్పుడు, ఇక్కడికి దగ్గర్లోనే, బ్రూక్లిన్‌లో, ఆడవాళ్లు వాటిని వీధిలో తగలబెట్టారు. వాళ్ల కారణం వేరు. నా మటుకు, ఎవరో మొక్కు తీర్చుకుని ఇచ్చిన జుట్టుని పిల్లల నాటికకి వాడటానికి మనసొప్పలేదు.

మా తాత పద్యనాటకాల్లో చంద్రమతి వేషం కట్టేవాడు. విగ్గుని టోపా అనేవాడు. రాత్రి నాటకమైతే సాయంత్రమే టోపా పెట్టుకుని కూర్చునేవాడు, దాంతోనే అన్నం తినేవాడు. "నెత్తి మీద బరువు అలవాటు గావాలె, మెడ దానంతట అదే తిరుగుతది" అనేవాడు. నాయనమ్మకి సౌరం, అంటే జడకి కలిపి అల్లుకునే సవరం, ఉండేది. దువ్వెనలో రాలిన వెంట్రుకలు ఉండ చుట్టి గోడ సందులో దాచేది. మొన్న అమ్మకి ఫోన్ చేసి విగ్గు చిక్కు పడిందంటే, "కుచ్చు చివర్ల నుంచి దువ్వు బిడ్డా, మొదట్ల నుంచి దువ్వితే కుదుళ్లు ఊడొస్తయి" అంది. సౌరం దువ్విన చెయ్యి అది.

అలాగే చేశాను. పళ్లు ఎడంగా ఉన్న దువ్వెనతో కింద నుంచి మెల్లగా. మెరుపు పోవడానికి టాల్కం పౌడరు చల్లి దులిపాను. చెంపల దగ్గర వంపుల కోసం పాయలు తీసి రోలర్లకి చుట్టి, బాగా కాగి కాస్త చల్లారిన నీళ్లు పోసి, రాత్రంతా వదిలేశాను. పూర్తిగా ఆరకముందే విప్పితే వంపు నిలవదు. ఒకటి తొందరపడి విప్పి మళ్లీ చుట్టాల్సొచ్చింది. కత్తిరింపు మాత్రం పిల్ల తల మీద పెట్టాకే, అదీ అర అంగుళం చొప్పున. నూనె తగలనివ్వలేదు. దీపాలు పట్టుకునే ఘట్టం ఒకటుంది, వాటికి బ్యాటరీ దీపాలే తెచ్చాను. ఈ విగ్గుల సింథటిక్ పోగు మంట తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. ఇందులో రాజీ లేదు.

శాంతిశ్రీ వేసే పిల్లకి పదకొండేళ్లు, నడుం దాకా జుట్టు. దాన్ని రెండు సన్న జడలు అల్లి, తల చుట్టూ తిప్పి పిన్నులు పెట్టి, పైన నైలాన్ టోపీ తొడిగి, అప్పుడు విగ్గు. మొదటిసారి పెట్టగానే "దురద పెడుతోంది ఆంటీ" అంది. తాత మాట గుర్తొచ్చి, ప్రతి రిహార్సల్‌కీ అరగంట ముందే పెట్టడం మొదలుపెట్టాను. నాలుగో వారానికి దురద మాటే లేదు. వంగి పుస్తకం తీసుకునేటప్పుడు ఒక చెయ్యి కొప్పు మీదకి వెళ్లింది, ఎవరూ చెప్పకుండానే. నిన్న విగ్గు తీశాక కూడా ఆ చెయ్యి అలాగే వెళ్లింది. వాళ్లమ్మ, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

విగ్గులన్నీ చల్లటి నీళ్లలో చుక్క షాంపూతో ఉతికి స్టీలు బిందెల మీద బోర్లించాను. పొద్దున్న లేచి చూస్తే వంటింట్లో తొమ్మిది తలలు, అన్నీ కిటికీ వైపే.