తొలి సూత్రముల యొద్ద
పైథానను కంప్యూటరు భాష నభ్యసింప బూని, షరతును దెలుపు ‘ఇఫ్’ వాక్యము చివర కోలన్ గుర్తు నుంచి, క్రింది పంక్తిని ఆనవాయితీగా నాలుగు ఖాళీల మేర లోనికి జరిపి వ్రాయుచుండగా, నన్నయ భారతరచనకు ఉపక్రమించిన యీ రాజమహేంద్రవరమున బాల్యమందు వల్లెవేసిన సంధిసూత్రములు నా మనమున మెదలినవి. ఉకారమునకు అచ్చు పరమైనచో సంధి యగునని 1858 నాటి బాలవ్యాకరణమున చిన్నయసూరి విధించినదియు షరతే; 1991లో గైడో వాన్ రాసమ్ వెలువరించిన యీ భాష కోరునదియు షరతే. ‘రాముడు’, ‘ఇతడు’ కలిసి ‘రాముడితడు’ అగుట యెంత నిశ్చయమో, షరతు నెరవేరినంతనే లోపలి పంక్తి నడచుటయు నంత నిశ్చయము. తన యోచనను అన్యునకు, తుదకు యంత్రమునకు సైతము, అందింప దలచిన మానవుడు ముందుగా దానిని తనలో క్రమపరచుకొనక తప్పదు. కావున, చదువరీ, క్రొత్త భాష యేదైనను తొలి సూత్రముల యొద్ద తొందరపడకుము. అచ్చట నిలిచిన కాలము వ్యర్థము కాదు.