దిద్దే చోటు

తెలుగులో సాంకేతిక వార్తలు పంచుకునే సమూహాల్లో ప్రేక్షకులు పెరిగారు, సంభాషణ తగ్గింది. 1990లలో యూజ్‌నెట్ చర్చాసమూహాల్లో తెలుగువాళ్లు రోమన్ లిపిలో రాసుకునేవారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. తర్వాత వీవెన్ రూపొందించిన టైపింగ్ ఉపకరణం లేఖిని, బ్లాగుల సంకలిని కూడలి వచ్చాయి. ఆనాటి సమూహాల్లో యూనికోడ్ అక్షరాలు తెరమీద ఎందుకు సరిగా కనబడవని ఒకరు అడిగితే తెలిసినవారు జవాబిచ్చేవారు. అది తప్పయితే మరొకరు అక్కడే దిద్దేవారు. చదివేవాళ్లే రాసేవాళ్లు కూడా.

2016లో జియో మొబైల్ సేవ వచ్చి డేటా చౌకయ్యాక వార్త యూట్యూబ్‌కూ వాట్సాప్‌కూ చేరింది. పాత సమూహాలు కొద్దిమంది చదువుకున్నవాళ్లవేననీ, నారాయణపేటలో చీర నేసే కార్మికుడికి అవి అందలేదనీ అంటే కాదనలేం. వార్త అతని దాకా చేరిన ఈ విస్తరణ నిజంగా గొప్పది. అయితే అతని ఫోనుకు యూపీఐ గురించి ఒక అబద్ధం వచ్చినప్పుడు దాన్ని దిద్దేవారు లేకపోతే డబ్బు పోయేది అతనిదే. జనం పెరిగితే దిద్దుబాటు సాధ్యం కాదనే వాదన కూడా నిలవదు. ఎవరైనా రాయగలిగే వికీపీడియాలో ప్రతి మార్పూ చరిత్రలో నమోదవుతుంది, ప్రతి వ్యాసానికీ చర్చాపేజీ ఉంటుంది. వార్త అందరికీ అందడం సగం పనే. దాన్ని ప్రశ్నించే, సరిచేసే అవకాశం కూడా నారాయణపేట దాకా రావాలి.