కూర్మం అంగాలను ఎప్పుడు ముడుచుకొన్నది?

గీతాద్వితీయాధ్యాయంలో స్థితప్రజ్ఞుని లక్షణాలను వివరిస్తూ భగవానుడు స్వీకరించిన కూర్మోపమానం సాధకులకు సుపరిచితమే. తాబేలు తన అంగాలను అన్ని వైపుల నుండి ఉపసంహరించుకొన్నట్లు ఇంద్రియాలను విషయాల నుండి మరలించాలి. ప్రత్యాహారాభ్యాసంలో నాకు చిరకాలంగా ఇదే ఆలంబనం. అందువల్ల తాబేళ్ల శిలాజాలను గూర్చి చదివినప్పుడు, అది కేవలం జీవశాస్త్ర కుతూహలంగా మిగలలేదు.

ముందుగా ఒక మాట. దశావతారాలే పరిణామవాదమని, మత్స్యం జలచరమనీ కూర్మం ఉభయచరమనీ ఉపన్యాస వేదికలపై చెప్పడం పరిపాటి అయింది. ఈ సమన్వయం నాకు రుచించదు. తాబేలు కప్పవలె ఉభయచర వర్గానికి చెందినది కాదు, సరీసృపం. మందరగిరిని మోసిన స్వామిని జీవశాస్త్ర పట్టికలో కూర్చోబెట్టనక్కరలేదు. కూర్మమే కశ్యపుడని, కనుక సర్వప్రజలూ కాశ్యపులేనని శతపథ బ్రాహ్మణం చెబుతుంది. ఆ దర్శనం వేరు, శిలలు చెప్పే వృత్తాంతం వేరు.

చైనాలోని గుయిజౌ ప్రాంతంలో లభించి 2008లో ప్రకటితమైన ఒడొంటోకెలిస్ సుమారు 22 కోట్ల సంవత్సరాల నాటిది. దాని నోట దంతాలున్నాయి. ఉదరభాగాన కవచం పూర్తిగా ఏర్పడింది. వీపున మాత్రం చిప్ప లేదు, వెడల్పైన పక్కటెముకలే ఉన్నాయి. తాబేటి చిప్ప బయటి నుండి తొడుక్కొన్నది కాదు. వెన్నెముకా పక్కటెముకలూ విస్తరించి, ఒకటిగా కలసి ఏర్పడినది. అంటే ఆ ప్రాణి తన అస్థిపంజరాన్నే గృహంగా మార్చుకొన్నది.

మన ప్రాణహిత–గోదావరి లోయలోని కోటా శిలాస్తరాలలో జురాసిక్ యుగపు ఇండోకెలిస్ దొరికింది. తమిళనాడులోని కల్లమేడు శిలల నుండి 2001లో గాఫ్నీ, ఛటర్జీ, రుద్ర వర్ణించిన తాబేటికి కూర్మ శబ్దంతోనే కూర్మడెమిస్ అని నామకరణం జరిగింది. డైనోసార్ల కడపటి కాలపు జీవి అది. దాని సమీప బంధువు మడగాస్కర్‌లో లభించింది. ఆ రెండు భూభాగాలు ఒకనాడు కలసి ఉన్నవే. అది మెడను పక్కకు మడచుకొనే వర్గానికి చెందినది. ఆ వర్గం నేడు దక్షిణ అమెరికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియాలలో జీవిస్తున్నది గాని మన నదులలో లేదు.

నన్ను నిలవనీయని విషయం మరొకటి. జర్మనీలో దొరికిన 21 కోట్ల సంవత్సరాల నాటి ప్రోగానోకెలిస్‌కు సంపూర్ణమైన చిప్ప ఉన్నది, కాని తలను లోనికి తీసుకొనే శక్తి లేదు. కవచం ముందు, ఉపసంహారం చాలా తరువాత! పైగా 15 కోట్ల సంవత్సరాల నాటి ప్లాటికెలిస్ మెడ ఎముకలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2017లో ఇంకొక అభిప్రాయం ప్రకటించారు. అది మెడను కొంత వెనుకకు లాగగలదు, తలను పూర్తిగా దాచుకొనలేదు. కాబట్టి మెడను ముడవడం తొలుత ఆత్మరక్షణ కోసం కాకపోవచ్చు. పొంచి ఉండి, తలను మెరుపువలె ముందుకు విసరి ఎరను పట్టడం కోసం కావచ్చునట.

అయితే ఉపమానం గతి ఏమి? చంద్రముఖి అన్నప్పుడు చంద్రుని మచ్చను ఎవరూ లెక్కింపరు, సాధారణ ధర్మం చాలు అని ఆలంకారికులు సమాధానపడతారు. నాకు ఆ సమాధానం చాలలేదు. ఎందుకంటే ఆ పొంచి ఉన్న తాబేటిని నేను ఎరుగుదును. కళ్లు మూసుకొని కూర్చున్న వేళ వంటింటి నుండి కాఫీ పరిమళం వస్తే, ముడుచుకొన్న ఇంద్రియం ఎంత సన్నద్ధంగా ఉన్నదో తెలుస్తుంది. ప్రశాంతతనో సిద్ధినో ఆశించి చేసే ఉపసంహారంలోనూ ఒక వేట ఉన్నది.

శంకర భగవత్పాదులు తరువాతి శ్లోకానికి వ్రాసిన అవతారిక ఇక్కడ నాకు శరణ్యమైంది. విషయాలను అనుభవింపలేని రోగి ఇంద్రియాలు కూడ కూర్మాంగాలవలె ముడుచుకొంటాయి, కాని వాటిపై రాగం ముడుచుకోదు. మరి అది ఎట్లా ఉపసంహృతమవుతుంది అని వారు ప్రశ్నిస్తారు. పరమును దర్శించినప్పుడే ఆ రసమూ నివర్తిస్తుందని శ్లోకం చెబుతున్నది. ప్రస్తుతం నా పారాయణం ఆ రెండు శ్లోకాల వద్దనే ఆగి ఉన్నది.