మోతీహారిలో సంపెంగలు

పట్నాలో బస్సెక్కి గంగ దాటాక మొదట హాజీపూర్ అరటితోటలు, ఆ తర్వాత ముజఫర్‌పూర్ లిచీ తోటలు వచ్చాయి. లిచీ కాపు అయిపోవచ్చింది. మిగిలిన కాయల్ని రోడ్డు పక్కన బుట్టల్లో పెట్టి అమ్ముతున్నారు. మెహసీ దగ్గర పక్క సీటు పెద్దాయన, ఆల్చిప్పలతో చొక్కా గుండీలు చేసే ఊరు ఇదేనంటూ కిటికీలోంచి చూపించాడు. ఎక్కడికి బాబూ అని అడిగాడు. మోతీహారికి, సుశీల్ కుమార్ గారి ఊరు చూడాలని వచ్చానన్నాను.

"పాంచ్ కరోడ్ వాలే!" అన్నాడు. ఆయన ముఖం ఒక్కసారి విప్పారింది. ఇన్నేళ్లయినా ఆ అంకె సుశీల్‌కు ఇంటిపేరులా అతుక్కునే ఉంది.

2011లో ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ ఐదో సీజన్‌లో అమితాబ్ ఎదుట కూర్చునేనాటికి సుశీల్ ఉపాధి హామీ పథకంలో కంప్యూటర్ ఆపరేటర్. జీతం నెలకు ఆరువేల చిల్లర. ఆ కార్యక్రమంలో ఐదు కోట్లు గెలిచిన మొదటి మనిషి ఆయనే. 1868లో నికోబార్ దీవుల మీద హక్కుల్ని బ్రిటిష్ వాళ్లకు అమ్మేసి తప్పుకున్న దేశం ఏది అన్నది ఆఖరి ప్రశ్న. డెన్మార్క్ అన్నాడు. నేపాల్ సరిహద్దు జిల్లాలో, సముద్రానికి ఎంతో దూరాన పెరిగిన కుర్రాడు ఆ జవాబు చెప్పడం చూసి నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. పోటీ పరీక్షల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న చిన్న ఊళ్ల పిల్లలందరూ ఆ రోజు గెలిచారనిపించింది. ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

రైల్వే స్టేషన్ బోర్డు మీద ‘బాపూధామ్ మోతీహారి’ అని ఉంటుంది. ఇరవై కట్టాల భూమిలో మూడు కట్టాలు నీలిమందుకే ఇవ్వాలన్న తోటల దొరల నిర్బంధాన్ని విచారించడానికి గాంధీ 1917 ఏప్రిల్‌లో ఇక్కడికి వచ్చారు. జిల్లా విడిచి పొమ్మంటే పోనని 18వ తేదీన కోర్టులో చెప్పారు. ఆ చోట 48 అడుగుల రాతి స్తంభం ఉంది. నమూనా గీసింది నందలాల్ బోస్. దాని నీడలో చాలాసేపు కూర్చున్నాను. రచయిత జార్జ్ ఆర్వెల్ 1903లో పుట్టిందీ ఈ ఊళ్లోనే. తండ్రి నల్లమందు శాఖలో ఉద్యోగి.

నేను వచ్చింది మాత్రం చెట్ల కోసం. ఒకప్పుడు సంపెంగ వనాలుండేవి కాబట్టే ఈ ప్రాంతానికి చంపారణ్ అన్న పేరొచ్చిందంటారు. పేరు మిగిలింది, చెట్లు పోయాయి. 2018 ఏప్రిల్ 22న, ధరిత్రీ దినం నాడు, సుశీల్ ‘చంపా సే చంపారణ్’ అంటూ ఇంటింటికీ తిరిగి సంపెంగ మొక్కలు నాటించడం మొదలుపెట్టారు. తర్వాత పిచ్చుకలకు గూళ్లు కూడా కట్టించారు.

ఒక సందులో వాసనను బట్టే చెట్టును పోల్చుకున్నాను. గోడమీంచి కొమ్మలు బయటికి వాలాయి. ఇంటావిడ గేటు తీసి, "లోపలికి రండి భయ్యా, దగ్గరికొచ్చి చూడండి" అంది. సుశీలే స్వయంగా వచ్చి గుంత తీయించారట, తర్వాత బతికిందో లేదో చూడ్డానికీ వచ్చారట. అడక్కుండానే ఐదారు పూలు కోసి నా చేతిలో పెట్టింది. ఆవిడ మాటల్లో కోట్ల ఊసు రానేలేదు.

గెలుపు తర్వాత ఏం జరిగిందో 2020లో సుశీలే ఫేస్‌బుక్‌లో రాసుకున్నారు. పన్ను పోగా చేతికొచ్చిన సొమ్ములోంచి గుప్తదానాలు చేశారు, కొందరి చేతిలో మోసపోయారు, పిలిచినచోటికల్లా సభలకు తిరిగి చదువును పక్కన పెట్టారు, సినిమా తీయాలని ముంబై వెళ్లారు, తాగుడు, సిగరెట్లు అలవాటయ్యాయి. ఒక విలేఖరి అదేపనిగా విసిగిస్తే, డబ్బంతా అయిపోయింది, రెండావులున్నాయి, పాలమ్ముకుంటున్నా అనేశారు. దేశమంతా అదే నిజమనుకుంది. అయ్యో పాపం అన్న గొంతుల్లో జాలి కంటే సంతోషమే నాకు ఎక్కువ వినిపించింది. అది ఇప్పటికీ బాధగానే ఉంది. ఆయన మాత్రం ముంబై వదిలి ఊరికొచ్చారు, తాగుడు మానేశారు, సిగరెట్లు మానేశారు. ఉపాధ్యాయ నియామక పరీక్ష నెగ్గి ప్రభుత్వ బడిలో పాఠాలు చెప్పే ఉద్యోగం సంపాదించుకున్నారు. అమితాబ్ ముందు గెలిచినదానికంటే నాకు ఈ గెలుపే పెద్దది.

ఆయన ఇల్లెక్కడో ఆటోవాలాకు తెలుసు, తీసుకెళ్తానన్నాడు. వద్దన్నాను. ఎవరెవరో వచ్చి ఆ మనిషి సమయాన్ని ఇప్పటికే చాలా తీసుకున్నారు.

మీరు వెళ్లదలచుకుంటే పట్నా నుంచి బస్సులున్నాయి, దూరం సుమారు 150 కిలోమీటర్లు. జూన్ మొదట్లో అయితే లిచీలూ దొరుకుతాయి, సంపెంగలూ పూస్తాయి. పిండితో మూత బిగించి మట్టికుండలో వండే చంపారణ్ మాంసం తినకుండా రావద్దు. దారిలో ఎక్కడైనా సుశీల్ కుమార్ ఎదురైతే మొక్కల గురించి అడగండి. డబ్బేమైందని మాత్రం అడగకండి.