అడిగి తెచ్చుకున్న తీరం

వేల్స్ నైరుతి కొసన, మూడు వైపులా సముద్రం ఉన్న జిల్లా పెంబ్రోక్‌షైర్. ఇక్కడ పెద్ద ఊళ్లు లేవు. రెండు వేలమంది కూడా లేని సెయింట్ డేవిడ్స్‌కు కెథడ్రల్ పుణ్యాన నగర హోదా దక్కింది. జనాభా లెక్కన బ్రిటన్‌లో అంతకన్నా చిన్న నగరం లేదు. ఉత్తరాది పల్లెల్లో నేటికీ వెల్ష్ వినిపిస్తుంది. దక్షిణాన, 12వ శతాబ్దంలో ఫ్లెమిష్ కుటుంబాలు వచ్చి స్థిరపడిన చోట, తరతరాలుగా ఇంగ్లిషే ఇంటిభాష. తీరం వెంట నడిచేవారికి ఈ తేడా ఊళ్ల పేర్లలోనే తెలుస్తుంది. పుల్‌డేరి, పోర్త్‌గైన్ దాటి దక్షిణానికి వస్తే బ్రాడ్ హేవెన్, ఫ్రెష్‌వాటర్ వెస్ట్ ఎదురవుతాయి.

ఉత్తరాన సెయింట్ డాగ్‌మెల్స్ నుంచి దక్షిణాన ఆమ్‌రాత్ దాకా ఈ తీరం వెంట 186 మైళ్ల కాలిబాట ఉంది. అంటే దాదాపు 300 కిలోమీటర్లు. చాలాచోట్ల అది మనిషి పట్టేంత సన్నని దారి. ఒక పక్క పొలం గట్టు, మరో పక్క నిట్టనిలువు కొండ అంచు, కింద అలలు. వాగు సముద్రంలో కలిసే ప్రతిచోటా దిగాలి, మళ్లీ ఎక్కాలి. మొత్తం దారిలో ఎక్కే ఎత్తులన్నీ కలిపితే 35 వేల అడుగులు, ఎవరెస్టు కన్నా ఎక్కువ. మే నెలలో అంచుల నిండా గులాబి, తెలుపు, నీలం పూలు. చూస్తే ఈ బాట అనాదిగా ఇక్కడే ఉందనిపిస్తుంది. నిజానికి దీన్ని పొలం పొలానా అడిగి తెచ్చుకున్నారు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1949లో బ్రిటిష్ పార్లమెంటు జాతీయ ఉద్యానాలకు, దూరపు కాలిబాటలకు దారి చూపే చట్టం చేసింది. 1952లో పెంబ్రోక్‌షైర్ తీరం జాతీయ ఉద్యానమైంది. కాలిబాట ఎటు వెళ్లాలో సర్వే చేసే పని రోనాల్డ్ లాక్లీకి వచ్చింది. ఆయన ఇంజినీరు కాదు, పక్షుల మనిషి. 1927 నుంచి ఈ తీరానికి ఎదురుగా ఉన్న స్కోకోమ్ దీవిలో కాపురముండి, 1933లో బ్రిటన్‌లోనే మొదటి పక్షుల పరిశీలన కేంద్రాన్ని అక్కడ ఏర్పాటు చేశాడు. ఈ కొండ అంచులూ రేవులూ ఆయనకు కొట్టినపిండి. 1953 నాటికి ఆయన నివేదిక సిద్ధమైంది. ఆయన గీసిన గీతనే దాదాపుగా ఖాయం చేశారు.

కాగితం మీది గీత నేల మీదికి దిగడానికి మాత్రం 17 ఏళ్లు పట్టింది. కొన్ని చోట్ల పాత దారుల మీద నడిచే హక్కు జనానికి ముందే ఉంది. ఎక్కువ భాగం సొంత భూములు. పశువులను మేపుకునే రైతుకు పరాయివాళ్లు పొలంలోంచి పోతారంటే భయాలుంటాయి. గేటు తీసి వదిలేస్తారు, కుక్కలు గొర్రెల మీద పడతాయి. ఆ భయాలు న్యాయమైనవే. అందుకే ఒక్కొక్కరితో మాట్లాడి ఒప్పించారు. చాలామంది సరేనన్నారు. బాట కోసం వేసిన కొత్త కంచెలు కొందరు రైతులకు కలిసొచ్చాయి కూడా. ఆ పైన వందకు పైగా చిన్న వంతెనలు, కంచెలు దాటడానికి 479 చోట్ల చెక్కమెట్లు కట్టారు. జారుడు వాలుల్లో వేల మెట్లు తవ్వారు. ఒప్పుకోనివారూ ఉన్నారు. బాట సముద్రాన్ని వదిలి కారణం లేకుండా లోపలికి మళ్లినట్టు కనిపించే చోట్లలో కొన్నిటి వెనక అలాంటి కథే ఉంది. నాకు ఆ వంకర్లు లోపాలుగా తోచవు. బలవంతం చేయకుండా వేసిన దారి అలాగే ఉంటుంది.

1970 మే 16న ప్రసారకర్త విన్‌ఫర్డ్ వాన్-థామస్ చేతుల మీదుగా బాట ప్రారంభమైంది. వేల్స్‌లో అది మొదటి జాతీయ కాలిబాట.

ఈ తీరమంతా పూలూ పక్షులూ అనుకుంటే పొరపాటు. మిల్‌ఫర్డ్ హేవెన్‌లో లోతైన సహజ రేవు ఉండడంతో, ఉద్యానం ప్రకటించిన ఎనిమిదేళ్లకే అక్కడ చమురు శుద్ధి కర్మాగారం మొదలైంది. తర్వాత మరికొన్ని వచ్చాయి. బాట ఆ స్థలాల పక్క నుంచే పోతుంది. 1996 ఫిబ్రవరిలో సీ ఎంప్రెస్ అనే ట్యాంకరు ఆ రేవు ముఖద్వారంలో రాళ్లకు తగిలి, దాదాపు 72 వేల టన్నుల ముడిచమురు సముద్రంలో కలిసింది. వేల పక్షులు చనిపోయాయి. ఇంకా దక్షిణాన కాసిల్‌మార్టిన్‌లో సైన్యం కాల్పుల అభ్యాసం చేస్తుంది. ఎర్రజెండా ఎగిరిన రోజు దారి మూసేస్తారు. ఉత్తరాన అబెరెయిడిలో మూతపడ్డ పలకరాతి గనిలోకి సముద్రాన్ని వదిలారు. ఇప్పుడది నీలి మడుగు. పోర్త్‌గైన్‌లో ఒకప్పుడు కంకరను ఓడలకెత్తిన ఇటుక కట్టడాలు రేవు పక్కన అలాగే నిలబడి ఉన్నాయి. ఈ పాత పనుల ఆనవాళ్లను చెరిపేయకపోవడం మంచిపని అనే అంటాను.

ప్రారంభోత్సవంతో పని అయిపోలేదు. వేసవి వచ్చిందంటే ముళ్లపొదలు, ఫెర్న్ మొక్కలు దారిని కమ్మేస్తాయి. ఉద్యానం సిబ్బంది ఏటా కోస్తూనే ఉండాలి. కొన్ని వాలుల్లో పొట్టి గుర్రాలను మేపుతారు. అలలు కొండను కోసేసిన చోట బాటను లోపలికి జరపాలి. జరపాలంటే మళ్లీ ఆ పొలం రైతుతో మాట్లాడాలి. పెద్దవాళ్లకూ మోకాళ్ల నొప్పులవారికీ కష్టమైన చెక్కమెట్లు తీసేసి, చాలాచోట్ల గేట్లు పెట్టారు.

ఈ బాట విజయమే వేల్స్‌కు ధైర్యమిచ్చింది. 2007లో వేల్స్ ప్రభుత్వం తీరమంతటినీ ఒకే దారిగా కలిపే పని చేపట్టింది. పర్యావరణ మంత్రి జేన్ డేవిడ్‌సన్ దాన్ని పట్టుబట్టి నడిపించారు. 16 స్థానిక సంస్థలు, రెండు జాతీయ ఉద్యానాలు పనిని పంచుకున్నాయి. ఐరోపా నిధులూ తోడయ్యాయి. 2012 మే 5న 870 మైళ్ల వేల్స్ తీర కాలిబాట ప్రారంభమైంది. ఒక దేశం తన తీరమంతా కాలినడకన తిరిగే దారి కల్పించడం ప్రపంచంలో అదే మొదలని వేల్స్ గర్వంగా చెప్పుకుంటుంది. ఆ గర్వానికి వాళ్లు అర్హులు.

బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువారైతే సెలవుల్లో లండన్, ఎడిన్‌బరోలతో ఆగిపోకుండా ఒక వారాంతం ఇటు రండి. హేవర్‌ఫర్డ్‌వెస్ట్, టెన్‌బీ, ఫిష్‌గార్డ్ దాకా రైలుంది. స్కోమర్ దీవిలో పఫిన్ పక్షులు ఏప్రిల్ నుంచి జులై దాకా ఉంటాయి. శరదృతువులో రాతి ఒడ్డుల మీద సీల్ పిల్లలు కనిపిస్తాయి, వాటి దగ్గరికి వెళ్లకండి. శాండీ హేవెన్, గాన్ అనే రెండు పాయలను ఆటు వేళ మాత్రమే నడిచి దాటగలం. పోటులో చిక్కితే మైళ్ల కొద్దీ చుట్టు తిరగాలి కాబట్టి వేళల పట్టిక ముందే చూసుకోండి. దారిలో గేటు తీసినప్పుడు మళ్లీ వేసి వెళ్లండి, అవతల ఉన్నవి ఆ రైతు పశువులు.