'సూన్' అను మాట

ఆంగ్లము నేర్చుకొను విద్యార్థులు చిన్న తరగతులలోనే 'సూన్' అను కాలవాచకమును ఎరుగుదురు. 'త్వరగా' యని అర్థము వ్రాసికొని తృప్తిపడుదురు. చిక్కంతయు నక్కడనే యున్నది. 'త్వరగా రమ్ము' అని మనము తెలుగున అనుదానికి ఆంగ్లమున మూడు మాటలు గలవు. వేగముగా నడచి వచ్చుట 'క్విక్‌లీ'. నియమిత వేళకు ముందే వచ్చుట 'ఎర్లీ'. ఇప్పటినుండి కొలదికాలములో వచ్చుట 'సూన్'. బడిగంటకు ముందు వచ్చిన బాలుడు 'ఎర్లీ' వచ్చెనని వ్రాయవలెను గాని 'సూన్' వచ్చెనని వ్రాయరాదు.

ఈ మాటకు చరిత్రయు కలదు. వెయ్యేండ్ల క్రిందటి ఆంగ్లమున దీని పూర్వరూపమైన 'సోనా'కు 'తత్‌క్షణమే' యని అర్థము. 'బై అండ్ బై' గతియు నిట్టిదే. 1611వ సంవత్సరపు ఆంగ్ల బైబిలున, మార్కు సువార్త 6వ అధ్యాయములో, హేరోదియ కుమార్తె తన కోరికను 'బై అండ్ బై' తీర్చుమన్నప్పుడు 'ఇప్పుడే' యని భావము. నేడు దానికి 'మరికొంత కాలమునకు' అని అర్థము. ఇప్పుడే యని పలికి ఆలస్యము చేయుటచేతనే మాటలిట్లు సడలును. మన 'త్వర'యు సంస్కృతమున వేగిరపాటే గదా! 'త్వరలో ప్రారంభము' అను పలక తగిలించిన అంగడి నెలలకొలది మూసియుండుటను అబిడ్సు వీథిలో మనము చూడలేదా?

అంగళ్లను నిందింపనేల? మేమును దోషులమే. కొన్ని యేండ్ల క్రిందట ఒక పేద విద్యార్థి విద్యార్థివేతనమునకై మా సిఫారసు ఉత్తరము కోరెను. "త్వరలో ఇచ్చెదము" అంటిమి. పరీక్షపత్రములు దిద్దు పనిలో మరచితిమి. అబిడ్సునుండి నాంపల్లి స్టేషను నడకదూరమే; మా యుత్తరము అచటికి చేరుటకు మూడు వారములు పట్టినది. అతడు స్వగ్రామమునకు పోవుచు బండికై నిలిచియుండెను. బండి కొద్దిసేపటిలో వచ్చునని మూడు భాషలలో చాటుచుండిరి. అతడు ఉత్తరమును రెండు చేతుల నందుకొని, "మాస్టరుగారూ, గడువు మొన్ననే తీరినదండి" అనెను.

"మరల అడుగవైతివేమి?" అంటిమి.

"త్వరలో ఇచ్చెదమని మీరు సెలవిచ్చితిరి గదా! మరల అడుగుట మర్యాద కాదనుకొంటిని."

ఆ యేడు అతడు చదువు మాని కూలికి పోయెను. మరుసటి యేడు మరల బడిలో చేరెను గాని, పోయిన యేడు మే మీయగలిగినది కాదు.

నాటినుండి విద్యార్థి యేది కోరినను తేదీ చెప్పి, దానిని వాని యెదుటనే వ్రాసికొనుచున్నాము. బాలబాలికలారా, 'సూన్' మంచి మాటయే, నిరభ్యంతరముగా వాడుడు. అయితే ఒకరికి మాట యిచ్చునపుడు దాని ప్రక్కన ఒక తేదీని గూడ నుంచుడు.