నీళ్ళకి తాళం

పోయినేడాది మా అమ్మాయి దగ్గరికి ఇంగ్లండు వెళ్ళాను. వాళ్ళుండేది నారిచ్‌లో. "చుట్టుపక్కల పాత చర్చిలు చూద్దాం నాన్నా" అంటే నవ్వాను. ఊరూరా తిరిగి దేవుడు లేడని చెప్పినవాడికి చర్చిలో పనేమిటి? అయినా వెళ్ళాను. వెళ్ళినందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నార్ఫోక్ ఉత్తర తీరంలో బర్నమ్ డీప్‌డేల్ అని చిన్న ఊరు. అక్కడి సెయింట్ మేరీ చర్చిలో పసిపిల్లలకి బాప్తిస్మం ఇచ్చే రాతి తొట్టి ఉంది. నార్మన్ల కాలంది. ఏ దేవదూతలో ఉంటారనుకుంటే, మూడు పక్కలా పన్నెండు నెలల పనులు చెక్కి ఉన్నాయి. ఫిబ్రవరిలో ఒకడు చలికి కాళ్ళు కాచుకుంటున్నాడు. మార్చిలో నేల తవ్వుతున్నాడు. జూన్‌లో కలుపుతీత, ఆగస్టులో పన కట్టడం, సెప్టెంబరులో నూర్పిడి, నవంబరులో పందిని కోయడం, డిసెంబరులో బల్ల దగ్గర విందు. అచ్చంగా రైతు బతుకు.

మరో పల్లె చర్చిలో ఇంకో తొట్టి చూశాం. దాని అంచు రెండుచోట్ల పెచ్చులూడి ఉంది. మూతకి తాళం వేసే ఇనుప కొక్కేలు పీకిన గుర్తులని అక్కడి పెద్దావిడ చెప్పింది. నీళ్ళకి తాళమేమిటి అనుకున్నాను. ఇంటికొచ్చి చదివితే తెలిసింది. 1236లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఎడ్మండ్, తొట్లకి మూతపెట్టి తాళం వేయాలని ఆజ్ఞ ఇచ్చాడట. పవిత్రం చేసిన నీళ్ళు తొట్టిలోనే నిలవ ఉండేవి. జనం వాటిని మంత్రతంత్రాలకి ఎత్తుకుపోతారని భయం.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. బిడ్డ ప్రాణం మీదికొస్తే మంత్రసాని కూడా మామూలు నీళ్ళతో బాప్తిస్మం ఇవ్వచ్చని ఆ చర్చే ఒప్పుకుంది. అలాంటప్పుడు తొట్టిలో నీళ్ళ ప్రత్యేకత ఏమిటి? బాప్తిస్మం లేకుండా చనిపోయిన బిడ్డకి స్వర్గం లేదనీ, పవిత్రమైన నేలలో పాతిపెట్టడానికి వీల్లేదనీ భయపెట్టిందీ వాళ్ళే. నీళ్ళకి మహిమ ఉందని బోధించి, ఆ మాట నమ్మి గుక్కెడు పట్టుకెళితే దొంగ అన్నారు. దొంగదీ బిషప్పుదీ ఒకే నమ్మకం. తేడా అంతా తాళంచెవి ఎవరి దగ్గరుందన్నదే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా చెల్లెలు గుర్తొచ్చింది. దానికి నాలుగేళ్ళప్పుడు జ్వరం వస్తే మా అమ్మ తొమ్మిది రోజులు మంత్రించిన నీళ్ళు తాగించింది. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైంది. నేను హేతువాదినయింది ఆ తర్వాతే. చాలా ఏళ్ళు అమ్మని క్షమించలేదు. మీటింగుల్లో ఆమె పేరు చెప్పకుండా ఆ కథ చెప్పి, "ఇదీ మూర్ఖత్వం" అనేవాణ్ణి. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు.

ఆ తొట్టి మీది రైతులు మూర్ఖులు కారు. ఏ నెలలో కలుపు తీయాలో, ఎప్పుడు కోయాలో అనుభవంతో నేర్చుకున్నవాళ్ళు. పిల్లలెందుకు చనిపోతున్నారో తెలుసుకునే దారి మాత్రం ఆనాడు లేదు. మా అమ్మ కాలానికి ఆసుపత్రి ఉంది కదా అంటారు. నిజమే. కానీ ఆమె నమ్మిన పెద్దలెవరూ అటు వెళ్ళమని చెప్పలేదు. చెంబు చేతికిచ్చి దక్షిణ తీసుకున్నారు.

మూఢనమ్మకాన్ని నేను ఇప్పుడూ వదలను. ఆ నీళ్ళలో ఏ మహిమా లేదు, ఇక్కడా లేదు, అక్కడా లేదు. కాకపోతే ఇకమీద ఆ కథ చెప్పినప్పుడు మూర్ఖత్వం అనే మాట వాడను. ఆ చెంబు ఇచ్చినవాళ్ళ గురించి మాట్లాడతాను. అమ్మ పోయి పదకొండేళ్ళయింది. ఈ మాట ఆమెకి చెప్పి ఉండాల్సింది.